నర్సింలన్న సిలిండర్లలో గాలి

పంక్చర్ షాపులో గాలి పైపు టైరు నుంచి ఊడేటప్పుడు బుస్సుమని చప్పుడు వస్తుంది. అది వింటే ఇప్పటికీ నా చేయి జేబులోని రుమాలు మీదికి పోతుంది. మొన్న రామాయంపేట చౌరస్తాలో బండికి గాలి పట్టిస్తుంటే అదే జరిగింది. షాపాయన నా వైపు చూసి, "ఏమాయె సార్, గట్ల ఉలిక్కిపడ్డరు?" అన్నాడు. ఏం లేదన్నాను. కొన్నేళ్ల కింద ఇదే షాపుకు ఎదురుగా, ఆగి ఉన్న లారీ చాటున నిలబడి, నేనొక మనిషిని దొంగ అని తేల్చేశాను. ఆయన పేరు నర్సింలు. మెదక్‌లో అందరికీ నర్సింలన్న. ఇప్పుడాయన లేడు.

శివ్వంపేట దగ్గరి పల్లెలో పుట్టి, గల్ఫ్‌లో ఓడల అడుగు భాగం శుభ్రం చేసే డైవర్‌గా చాలా ఏళ్లు పనిచేసి తిరిగొచ్చాడు. మెదక్ శివారులో మెట్లున్న పెద్ద వ్యవసాయ బావి ఒకటి కిరాయికి తీసుకున్నాడు. వీపుకు గాలి సిలిండరు తగిలించుకుని నీళ్ల అడుగున ఊపిరి తీసుకోవడం, అంటే స్కూబా, అందులో నేర్పేవాడు. సముద్రం ముఖం చూడని జిల్లాలో ఈ విద్య ఎవరికని నాకు మొదటి రోజే అనుమానం. అప్పుడు నేను జిల్లా పేజీకి వార్తలు రాసేవాణ్ణి. ఒకరోజు టీ హోటల్లో పక్క బల్లాయన, "గా నర్సింలు సిలిండర్లల్ల టైర్లకు పట్టే గాలే నింపుతుండంట. ఎవడన్న సచ్చినంక గని తెల్వది" అన్నాడు. టైర్ల కంప్రెసర్ గాలిలో నూనె ఆవిరి ఉంటుంది. నీళ్ల లోపల దాన్ని పీల్చడమంటే విషం పీల్చడమే. నాకు వార్త వాసన తగిలింది.

మూడు రోజులు ఆయన ట్రాలీ ఆటో వెంట తిరిగాను. మూడో రోజు పొద్దున ఆటో రామాయంపేట చౌరస్తాలో పంక్చర్ షాపు ముందు ఆగింది. వెనక రెండు పసుపు సిలిండర్లు. పక్కనే గాలి పైపు పట్టుకుని నర్సింలు. బుస్సుమని చప్పుడు. ఫోన్‌తో ఫోటో తీసుకున్నాను. శీర్షిక కూడా మనసులో పడిపోయింది. ఇక లోపలి సంగతి తెలియాలంటే నేర్చుకునేవాడిలా వెళ్లడమే మార్గం.

అండమాన్ పోతున్నాను, అంతకుముందే నేర్చుకుంటానని చెప్పాను. ఆయన ఒక ఫారం ఇచ్చాడు. గుండె జబ్బు, ఆయాసం, ఫిట్స్, వెన్ను ఆపరేషన్. అన్నిటికీ 'లేదు' అని టిక్కు పెట్టాను. నిజానికి అంతకు ఆరేళ్ల ముందు నడుములో డిస్కు జారి ఆపరేషన్ అయింది. చలికాలంలో ఎడమ కాలు ఇంకా తిమ్మిరెక్కేది. ఉందని రాస్తే లోపలికి రానివ్వడని దాచాను.

ఆయన ఫారం వైపు చూడలేదు. నా కాళ్ల వైపు చూస్తూ, "నడుము ఎప్పుడు కోసిండ్రు సార్?" అన్నాడు.

"ఎవరు చెప్పారు?"

"బూట్లు ఇప్పేటప్పుడు మీరు వంగలే. ఒక కాలితోని ఇంకో కాలి బూటు తోసిండ్రు. కూసునేటప్పుడు గోడ వట్టుకున్నరు. డాక్టర్ దగ్గర రాయించుకొని రాండ్రి. లేకుంటే నీళ్లల్ల కాలు వెట్టనియ్య."

బయటికొచ్చాక నాకు తోచిందొక్కటే. పేపరోణ్ణని పసిగట్టాడు, తప్పించుకుంటున్నాడు. ఆ పట్టుదలతోనే హైదరాబాద్ వెళ్లి ఆపరేషన్ చేసిన డాక్టర్‌ను కలిశాను. ఆయన స్కానింగ్ తీయించి, గట్టు మీద బరువు మోయకుండా, లోతుకు పోకుండా అయితే సరేనని రాసిచ్చాడు. ఆ కాగితాన్ని నర్సింలన్న రెండుసార్లు చదివి, కింద ఉన్న నంబరుకు ఫోన్ చేసి, డాక్టర్‌తో స్వయంగా మాట్లాడాడు. నన్ను నమ్మలేదు మరి.

మర్నాడు బావి మెట్ల మీద సిలిండరు నిలబెట్టి, "మీ రుమాలు తీయుండ్రి. నాది గాదు, మీదే" అన్నాడు. తెల్ల రుమాలును గొట్టం ముందు పట్టమని వాల్వు తిప్పాడు. బుస్సుమంది. గుడ్డ మీద నూనె మరక లేదు. "వాసన జూడుండ్రి." ఏ వాసనా లేదు. సిలిండరు మెడకు కట్టిన చీటీ చూపించి, "హైదరాబాద్‌ల నింపేటోళ్ల నంబరు. ఫోన్ జేయుండ్రి" అన్నాడు. చేశాను. ఆ వారమే నింపామని అవతలివాళ్లు చెప్పారు.

"రామాయంపేట కాడ మీరు లారీ ఎన్కకెల్లి ఫోటో దీసిన రోజు ఆటో టైరు పంచరైంది సార్" అన్నాడు, చీటీ మళ్లీ కడుతూ. "అద్దంల కనవడ్డరు."

నేను రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆయన నవ్వాడు. "అనుమానం మంచిదే. ఈ పనిల అది లేనోడు మునుగుతడు. గని మీరు నన్ను మూడు రోజులు ఎంబడివడి చూసిండ్రు, మీ నడుమును ఒక్కసారన్న చూసుకున్నరా? నూనె గాలి లేకున్నా ఈ బరువేసుకొని మెట్లు దిగుంటే ఏమయ్యేది? మీ కాళ్లు పడిపోయేవి. రేపు పేపర్ల నా పేరే వచ్చేది."

సిలిండరు నా వీపుకు తగిలించలేదు. మోకుతో ముందు దాన్నే నీళ్లలోకి దించాడు. నేను ఒట్టి చేతులతో మెట్లు దిగి, నీళ్లలో తేలుతూ దాన్ని వీపుకు తొడుక్కున్నాను. మునిగేందుకు నడుముకు కట్టే సీసం దిమ్మెలను, సిలిండరు బిగించే చొక్కా జేబుల్లోకి మార్చాడు. ఆయన చేయి పట్టుకుని రెండు గజాలు దిగాను. పచ్చటి మసక వెలుతురు, నా ఊపిరి చప్పుడు, ఎదురుగా ఆయన కళ్లు. ఆరేళ్లలో మొదటిసారి నా నడుము ఉన్నట్టే తెలియలేదు. ఆ హాయిని కూడా నమ్మలేక కాలి వేళ్లు కదిపి చూసుకున్నాను. అన్నీ కదిలాయి. పైకి వచ్చేటప్పుడూ సిలిండరును నీళ్లలోనే విప్పించి, మోకుతో లాగాడు. మెట్ల మీద కూర్చుని ఫారం అడిగాను. 'లేదు' కొట్టేసి 'ఉంది' అని రాశాను. "ఇగ నేర్సుకున్నరు" అన్నాడు.

అండమాన్ నేను పోనే లేదు. ఆ వార్త కూడా రాయలేదు. ఫోటో మాత్రం తీసెయ్యలేదు. ఏదైనా గట్టి వార్త పంపేముందు ఫోన్‌లో దాన్నొకసారి తెరుస్తాను. పసుపు సిలిండర్లు, గాలి పైపు, దాన్ని పట్టుకున్న చేయి. ఎన్నిసార్లు చూసినా అందులో నర్సింలన్న దొంగలాగే కనిపిస్తాడు.