అతికించిన పేజీకి అవతలి వైపు

నేను జిరాక్స్ కాగితం వాడను. ఈ మాట ఎన్ని సభల్లో చెప్పానో! కాగితం ముక్కలు అతికించి చేసే నా కొలాజ్‌లలో ఉన్నదంతా అసలు కాగితమే, ఎవరో ఒకరి చెయ్యి పడిన కాగితమే అని మైకు దొరికినప్పుడల్లా బీరాలు పలికాను. వినేవాళ్ళు తలలూపేవాళ్ళు. నాకూ బాగానే ఉండేది. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే ఒళ్ళు మండుతుంది, నా మీద నాకే.

మొదట్లో నేను కథలే రాసేదాన్ని. శంషాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పుకుంటూ పదిహేనేళ్ళు రాశాను. అచ్చయినవాటికన్నా తిరిగొచ్చినవే ఎక్కువ. ఒకరోజు కోపం పట్టలేక, తిరిగొచ్చిన కథలన్నిటినీ కత్తెరతో ముక్కలు చేసి, మైదా జిగురు ఉడికించి అట్ట మీద అతికించాను. కథగా ఎవరికీ పట్టనిది బొమ్మగా అందరికీ నచ్చింది. ఏం లోకమో! అప్పటినుంచీ రెండూ చేస్తున్నాను. కొలాజ్ ఒకటి, దాని పక్కన గోడకు పెట్టడానికి ఒక పేజీ కథ. కాటేదాన్‌లో మూతబడిన బిస్కెట్ల కార్ఖానా వెనక ఒక గది కిరాయికి తీసుకున్నాను. పెళ్ళి పత్రికలు, బస్సు టికెట్లు, విమానం దిగినవాళ్ళు పారేసిన బోర్డింగ్ పాసులు, ఏది దొరికితే అది ఏరుకొచ్చేదాన్ని.

"చిత్తు కాగితాలు ఏరుకునే ఆమె నీకన్న నయం బిడ్డా, ఆమె ఇంట్ల వెట్టుకోదు" అనేది నాతో ఉండే మా అమ్మ.

మా ఇళ్ళల్లో బైబిలు ఎంత చిరిగినా పారేయరు. పాత నిబంధనకూ కొత్త నిబంధనకూ నడుమ ఉండే ఖాళీ కాగితం మీద ఇంట్లోవాళ్ళ పుట్టుకలూ బాప్తిస్మాలూ పెళ్ళిళ్ళూ చావులూ రాసుకుంటారు. మా ఇంట్లో అవి తాత రాసేవాడు, కలంతో, నీలం సిరాతో, గుండ్రటి అక్షరాల్లో. అమ్మకు పెద్దక్షరాల కొత్త బైబిలు వచ్చాక పాతదాన్ని గుడ్డలో చుట్టి బీరువా మీద పెట్టింది.

విమానాశ్రయం దారిలోని ఒక హోటల్ వాళ్ళు తలుపంత కొలాజ్ కావాలని అడిగారు. నడుమ ఏం పెట్టాలో పదిరోజులు తేలలేదు. ఒక ఆదివారం అమ్మ ప్రార్థనకు వెళ్ళినప్పుడు స్టూలు వేసుకుని ఆ మూట దించాను. తాత రాసిన పేజీని బ్లేడుతో కోశాను. వెనక్కి తిప్పి చూశాను కూడా. గోధుమరంగు తిరిగిపోయి ఖాళీగా కనిపించింది. అడిగితే అమ్మ వద్దంటుందని తెలుసు. అందుకే అడగలేదు. ఒక్క పేజీ పోతే ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. నా పేరు నలుగురికీ తెలిసింది ఆ కొలాజ్‌తోనే.

నాన్న పోయిన రెండేళ్ళకు కొత్వాల్‌గూడ సమాధుల తోటలో రాయి వేయించాలనుకున్నాం. అమ్మ ఒక మాట అంది.

"బాపు రాయి మీద మీ తమ్ముని పేరు గూడ ఎక్కియ్యాలె. పాస్టరుగారు తారీకులు అడిగిండు. ఆ పాత బైబిలు జర దించు."

నాకొక తమ్ముడు పుట్టి పదకొండు రోజులుండి పోయాడని తెలుసు. అప్పుడు నాకు మూడేళ్ళు. పుట్టింది ఇంట్లోనే కాబట్టి ఏ దవాఖాన కాగితమూ లేదు, ఫోటో లేదు. ఆ తోటలో ఎక్కడ పెట్టారో కూడా ఎవరికీ తెలియదు. మూట తెచ్చి అమ్మ ముందు పెట్టి తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. అమ్మ ఆ నడిమి చోటు తెరిచింది, వేలితో తడిమింది.

"పేజీ ఏదే?"

"చెదలు తిన్నట్టున్నాయమ్మా" అన్నాను. సిగ్గులేని నోరు!

"చెద గింత సాపుగ కోస్తదా?"

నేను నిజం చెప్పాను. అమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. కోసిన అంచు మీదే వేలు ఉంచి అంది: "ముందు వైపు మీ తాత రాసిండు. వెనక వాని పేరు నేను రాసిన, పెన్సిల్‌తోని. ఆయన కలం నన్ను ముట్టనియ్యకపోతుండె."

ఖాళీ అనుకుని నేను జిగురు పూసింది ఆ వైపుకే.

మర్నాడే హోటల్‌కు పరిగెత్తాను. మేనేజర్ కోస్తా మనిషి. "ఇదుంటేనే మా రిసెప్షన్‌కి అందం మేడం. ఊడదీసేస్తానంటారేంటండీ?" అన్నాడు. దాచకుండా అంతా చెప్పాను. తనే మనుషుల్ని పిలిచి గోడమీంచి దింపించాడు. బదులుగా రెండు కొత్తవి చేసిస్తానన్నాను.

కాటేదాన్ గదికి అమ్మ కూడా ఆటోలో వచ్చింది. ఎప్పుడూ రాని మనిషి. నేను ఒక మూలన నీటి చుక్క వేసి చూశాను. మైదా జిగురు నానుతోంది, సిరా కూడా కరుగుతోంది.

"అమ్మా, తడిపితే తాత రాసిందంతా పోతుంది. ఫోన్‌లో ఫోటో తీసుకున్నాను గానీ, అసలుది మిగలదు."

జిరాక్స్ వాడనన్న నోటితోనే ఆ మాట అన్నాను.

"వాళ్ళందరికి కార్డులున్నయ్, ఫోటోలున్నయ్, పిల్లలున్నరు" అంది అమ్మ. "వానికేమున్నది? తడుపు."

తడిపాను. తాత పుట్టుక, నాన్న పెళ్ళి, నా బాప్తిస్మం నీలంగా కారి కింద పెట్టిన పళ్ళెంలోకి పోయాయి. మొద్దు కత్తితో అంచు లేపుతూ గంటసేపు కష్టపడి కాగితాన్ని ఒలిచాను. వెనక జిగురును తడిబట్టతో తుడుస్తుంటే పెన్సిలు గీతలు బయటపడ్డాయి. నాలుగో తరగతి చదివిన అమ్మ అక్షరాలు. తమ్ముడి పేరు, రెండు తారీకులు. కింద ఇంకో వరుస: ఎడమ చెవి వెనుక పుట్టుమచ్చ.

నేను పైకి చదివాను. అమ్మ చెయ్యి తన ఎడమ చెవి వెనక్కి పోయింది.

"ఎడమదా... ఇన్నేండ్లు కుడిదేమో అనుకుంటున్న."

"ఇదెందుకు రాశావమ్మా?"

"మళ్ళ కలిసినప్పుడు గుర్తువట్టొద్దా?" అంది. "తారీకులు పాస్టరుకు. నాకైతే ఇదే కావాలె. ఏ చెవో యాదికొస్తలేకుండె."

అక్కడే కింద కూలబడి ఏడ్చాను. అమ్మ ఏడవలేదు. కాగితం ఆరేదాకా దాని పక్కనే కూర్చుంది.

రాయి మీద ఇద్దరి పేర్లూ ఎక్కాయి. ఆ కాగితాన్ని అమ్మ బీరువాలో పెట్టి తాళం వేసింది. నాతో మామూలుగానే మాట్లాడుతుంది, అన్నం పెడుతుంది, నా చిత్తు కాగితాలను తిడుతుంది. తాళంచెవి మాత్రం కొంగుకు ముడేసుకుంది. నేను గదిలోకి వచ్చినప్పుడల్లా ఆ ముడిని ఒకసారి తడిమి చూసుకుంటుంది.