బొబొరే మడతకత్తి బిగువు

ఇటలీలోని సార్డీనియా దీవిలో, పత్తాడ కొండల్లో మగవాడు చొక్కా లేకుండానైనా గడప దాటుతాడేమో గానీ, జేబులో మడతకత్తి లేకుండా దాటడు. అక్కడి కాపరులు విందుకు కూర్చుంటే ఎవరి కత్తితో వాళ్లు కోసుకు తినాల్సిందే. పక్కవాడి కత్తి అరువడిగినవాణ్ణి మొహం మీద ఎవరూ ఏమీ అనరు. మర్నాటి నుంచి మాత్రం అతని మంద అమ్మకానికి వస్తుందా అని ఆరా తీస్తారు.

బొబొరేకు డెబ్బై మూడేళ్లు, నూట ఇరవై గొర్రెలు, ముక్కు మీద కోపం. పొట్టేలు కొమ్ము పిడి ఉన్న అతని కత్తి పెళ్లినాటిది. ఆదివారం చర్చి నుంచి రాగానే గడప మీద కూర్చుని దానికి సేవ మొదలుపెడతాడు. జున్ను జిడ్డును గోరువెచ్చని నీళ్లతో కడిగి, మడత సందులోని మట్టిని పుల్లతో గీకి, పొయ్యి దగ్గర తడి ఆరబెడతాడు. తర్వాత కోడి ఈకను ఆలివ్ నూనెలో ముంచి, కోసే అలుగూ పిడీ కలిసే సీల మీద ఒక్క చుక్క రాలుస్తాడు. పదిసార్లు తెరిచి మూసి, ఈకకు మిగిలిన నూనె పిడికి పులుముతాడు.

ఆ ఊళ్లో అందరూ చేసే తప్పే ఇది. ఆలివ్ నూనె కొమ్ముకు మంచిదే, సీలకు కాదు. కొన్నాళ్లకు బంకలా మారి అలుగును పట్టేస్తుంది. సీలకు కుట్టుమిషను నూనె వెయ్యండని కత్తులు చేసే నన్నెద్దు చెప్పీ చెప్పీ అలిసిపోయాడు.

కిందటి చలికాలంలో బొబొరే కత్తి తెరుచుకోవడం మానేసింది. పట్టుకెళ్లి నన్నెద్దు బల్ల మీద పెట్టాడు.

"కత్తికి నూనె పెట్టావా మావా, కూరకు పోపు పెట్టావా?"

"మా నాన్న ఇదే పెట్టాడు, మా తాతా ఇదే పెట్టాడు. నీ కుట్టుమిషను నూనె పూస్తే మాంసం కిరసనాయిలు కంపు కొట్టి చస్తుంది."

నన్నెద్దు బంకంతా కడిగి, అలుగును రెండు వేళ్లతో పట్టి లాగాడు. హాయిగా వచ్చింది. బొబొరే దాన్ని అక్కడ తెరిచి చూడకుండానే జేబులో వేసుకున్నాడు. దొడ్డి గోడ చాటుకు వెళ్లి లాగితే రాలేదు.

రెండోసారి వెళ్లినప్పుడు నన్నెద్దు చూపు కత్తి మీద కాక, అతని వేళ్ల కణుపుల మీద పడింది. కణుపులు వాచి ఉన్నాయి. సీలను వెంట్రుకవాసి వదులు చేశాడు. మూడోసారి మాత్రం ఒప్పుకోలేదు.

"ఇంకా వదులు చేస్తే కోస్తుండగానే మడుచుకుని నీ వేళ్ల మీదే పడుద్ది. కత్తిలో ఏం లేదు మావా."

"ఏం లేకపోతే నాకెందుకు తెరుచుకోదు?"

నన్నెద్దు కుట్టుమిషను నూనె బుడ్డి చేతిలో పెట్టాడు. అంత మంకుపట్టు మనిషీ ఈసారి దాన్ని తీసుకున్నాడు. ఎందుకంటే మరో నాలుగు రోజుల్లో అతని మందకు ఉన్ని కత్తిరింపు. ఇరుగుపొరుగు కాపరులంతా ఊరికే వచ్చి పని చేస్తారు. మధ్యాహ్నం కాల్చిన మాంసం పెట్టాలి. మందగలవాడు తన కత్తి తెరిచి మొదటి ముక్క కోసేదాకా ఇంకెవరి కత్తీ బయటికి రాదు.

ఆ నాలుగు రోజులూ పూటకో చుక్క వేశాడు. బొబొరేకు నిజంగానే భయం వేసింది. చెయ్యి పోయిందని తెలిస్తే పాలు ఎలా పితుకుతాడంటారు, ఆ తర్వాత మంద ఎందుకంటారు. గొర్రెలు లేని రోజు పొద్దున్నే లేచి ఏం చెయ్యాలో అతనికి తెలియదు.

కత్తిరింపు రోజు ఇరవై మంది బల్ల చుట్టూ చేరారు. చెట్టు బెరడుతో చేసిన తట్టలో మాంసం పొగలు కక్కుతోంది. బొబొరే లేచి నిలబడి కత్తి తీశాడు. లాగాడు. చెయ్యి మార్చి లాగాడు. సీల మీద నూనె మెరుస్తోంది, అలుగు మాత్రం కదల్లేదు.

"ఏం బావా, ప్రార్థన చేస్తున్నావా?" అన్నాడు పక్క కొండ లారెంతు. "ఆ గొర్రె పొద్దున్నే పోయింది, ఇక లేవదులే."

అందరూ నవ్వారు. బొబొరే నవ్వలేదు. నన్నెద్దు వైపు చూశాడు. నన్నెద్దు తల దించుకున్నాడు.

ఒకప్పుడైతే తప్పు నూనె మీదో, సీల మీదో నెట్టేసేవాడు. ఇప్పుడు నెట్టడానికి ఏదీ మిగల్లేదు.

"కత్తి బాగానే ఉంది," అన్నాడు. "నా వేళ్లే పనిచెయ్యట్లేదు. ఏడాదైంది."

నవ్వులు ఆగిపోయాయి. పొయ్యి దగ్గర నుంచి అతని భార్య మల్లేన చేతులు తుడుచుకుంటూ వచ్చింది. కత్తి తీసుకుని, తెరిచి, పిడిని అతని అరచేతిలో పెట్టింది.

"ఏడాది కాదు, పద్నాలుగు నెలలు," అంది. "కొయ్యి, చల్లారిపోతోంది."

బొబొరే కోశాడు.