వెనక్కి పారిన కరెంటు

ఎనభైల మొదట్లో వానలు తప్పి డ్యాములు అడుగంటాయి. బెంగళూరులో కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో తెలిసేది కాదు. చిక్కపేటలో మా నాన్నకు చీరల కొట్టు ఉండేది. పట్టుచీర అసలు రంగు చూపించడానికి బేరానికొచ్చినవాళ్ళను ఆయన నడివీధిలోకి పిలుచుకొచ్చేవాడు. నేను ప్రభుత్వ విద్యుత్ విభాగంలో ఇంజనీరుగా చేరి అప్పటికి మూడేళ్ళు. వీధిలో వాళ్ళంతా కరెంటు నా కొంగున ముడివేసుకున్నట్టు నన్నే అడిగేవారు.

ఆ ఏడే మా విభాగంలో ఒక కొత్త ఆలోచన పుట్టింది. రైతులు సొంతంగా గాలిమరలు పెట్టుకుంటే, వాళ్ళు వాడుకోగా మిగిలిన కరెంటును ప్రభుత్వ లైన్లలోకి తీసుకోవాలని. దానికి ఇంకా నియమాలు లేవు. ముసాయిదా రాసే పని నాకిచ్చారు. ఊళ్ళు తిరిగి రైతులకు నచ్చజెప్పే పనీ నాదే అయింది. తెలుగూ కన్నడమూ రెండూ వచ్చు, పైగా ఆడమనిషి చెప్తే వింటారని మా పైఅధికారి నమ్మకం.

దేవనహళ్ళి దగ్గర ఒక ఊళ్ళో నా మాటలు విని ఒక ద్రాక్షతోట రైతు లేచి నిలబడ్డాడు.

"మా మిట్ట మీద గాలి సుమ్నే, ఊరికినే పోతా ఉండాదమ్మా. దాన్ని పట్టి మీ తీగలో వేస్తే తీసుకుంటారా?"

"తీసుకుంటాం. దానికోసమే ఈ నియమాలు" అన్నాను.

ఆయన నిజంగానే గాలిమర పెట్టించాడు. దాని రెక్కలు బిగించేనాడు అందరికన్నా ఉత్సాహంగా పైకెక్కినవాడు ఆ ఊరి లైన్‌మ్యాన్. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. కిందికి దిగి చేతులు దులుపుకుంటూ, "లైనుకు కలిపేది ఎప్పుడు మేడం? మా ఊరి కరెంటు బెంగుళూరికి పోతాదని మా ఇంట్లో చెప్తే నా పెండ్లాం నగతా ఉండాది" అన్నాడు.

ముసాయిదాలో నేను ఒక షరతు రాశాను. ప్రభుత్వ లైన్లో కరెంటు పోగానే గాలిమర దానంతటదే లైను నుంచి విడిపోవాలి. అలాంటి స్విచ్చి లేకుండా ఎవరూ కలపకూడదు. ఆ స్విచ్చి బయటి దేశం నుంచి తెప్పించాలి. నెలలు పడుతుందన్నారు. పైఅధికారి అంతకాలం ఆగలేకపోయాడు. పెద్ద అధికారులకు చూపించడానికి ఒక్కటైనా తిరుగుతూ ఉండాలన్నాడు.

"చేత్తో వేసే స్విచ్చి పెట్టి కలిపించు. కరెంటు పోయినప్పుడు రైతే ఆపేస్తాడు."

వద్దని ఒకసారి అన్నాను. రెండోసారి అనలేదు. నా పథకం కళ్ళముందు నడవాలన్న ఆశ నాకూ ఉంది. నేనే వెళ్ళి దగ్గరుండి కలిపించాను. కరెంటు పోయిన మరుక్షణం స్విచ్చి కిందికి లాగమని రైతుకు పదిసార్లు చెప్పాను. ఆయన అన్నం ముందు కూర్చున్నా లేచి పరుగెత్తేవాడట.

రెండు నెలలు గడిచాయి. ఒక పెళ్ళికి రైతు కుటుంబమంతా వెళ్ళిన రోజు మధ్యాహ్నం ఊరి లైన్లో ఏదో తెగింది. రైతు ఊళ్ళో లేడని తెలియని లైన్‌మ్యాన్ పద్ధతి ప్రకారం సరఫరా ఆపించి స్తంభం ఎక్కాడు. మిట్ట మీద గాలి జోరుగా ఉంది. స్విచ్చి లాగేవాళ్ళు లేక గాలిమర తిరుగుతూనే ఉంది. దాని కరెంటు ఆ తీగలోకి వెనక్కి పారింది. ఆయన పైనుంచి పడేటప్పటికే ప్రాణం పోయింది.

మర్నాడు వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన భార్య గోడకానుకుని కూర్చుని ఉంది. నేనెవరో చెప్పగానే తలెత్తింది.

"లైను ఆఫ్ చేసినాకే ఎక్కినాడంట గదక్కా. మళ్ళా కరెంటు యాడనుంచి వచ్చె?"

ఎన్నో ఊళ్ళలో నల్లబల్ల మీద బొమ్మలు గీసి చెప్పిన సంగతే అది. గాలిమర నుంచి అని ఆమెకూ చెప్పాను. దగ్గరుండి కలిపించింది నేనేనని కూడా చెప్పాను. ఆమె ఏడవలేదు. నావైపు చూడడం మానేసింది, అంతే.

ఆఫీసులో నివేదిక అప్పటికే టైపయి ఉంది. లైన్‌మ్యాన్ అజాగ్రత్త వల్ల జరిగిన ప్రమాదం అని. నా సంతకం ఒక్కటే తక్కువ. అది అలా వెళితే ఆయన స్థానంలో భార్యకు ఉద్యోగం రాదు. నేను సంతకం పెట్టలేదు. స్విచ్చి లేకుండా కలిపించింది నేనని వేరే కాగితం మీద రాసిచ్చాను.

"నీ బతుకు నువ్వే పాడు చేసుకుంటా ఉండావు" అన్నాడు పైఅధికారి.

ఆ రాత్రి నాన్నకు చెప్పాను. "తప్పు నీదైనప్పుడు ఇంకొకరి పేరు ఎట్లా రాస్తావు తల్లీ" అని మాత్రం అన్నాడు.

నన్ను మీటర్లు పరీక్షించే గదికి మార్చారు. ముసాయిదా మూలపడింది. రైతు గాలిమరను తానే విప్పించేశాడు. చూడ్డానికి వెళితే, "నేను పెండ్లికి పోకుండా ఉంటే సరిపోతా ఉండె" అన్నాడు. తప్పు ఆయనది కాదు, నాదని ఎంత చెప్పినా వినలేదు.

తర్వాత ఏడేళ్ళు, అధికారి మారినప్పుడల్లా ఆ ముసాయిదా పట్టుకుని వెళ్ళి నిలబడ్డాను. ఈ పథకం మంచిదేనని, చెడ్డది నా తొందర అని చెప్పేదాన్ని. కొందరు విన్నారు, కొందరు టీ ఇప్పించి పంపేశారు. ఎనభైల చివర్లో నియమాలు వచ్చాయి. దానంతటదే విడిపోయే స్విచ్చి షరతును అందులో మొదటిదిగా పెట్టారు.

ఆ వారమే దేవనహళ్ళికి బస్సెక్కాను. లైన్‌మ్యాన్ భార్య అక్కడి మా ఆఫీసులో అటెండరుగా పనిచేస్తోంది. ఇన్నేళ్ళూ అప్పుడప్పుడూ వెళ్ళి ఆమెను పలకరించి వచ్చేదాన్ని. వరండాలో నిలబడి నేను చెప్పిందంతా ఓపికగా విన్నది.

"ఇంగ ఎవరికీ అట్లా కాదు గదా?"

"కాదమ్మా."

"మంచిదక్కా." ఫైళ్ళు చంకలోకి సర్దుకుంది. "ఇంగ మీరు రావద్దండి. ఎప్పుడు వచ్చినా మీరు మంచిమాటే చెప్తారు. మిమ్మల్ని చూస్తే మాత్రం నాకు మళ్ళా ఆయన పోయిన పొద్దే అయితాది."

సరేనన్నాను. ఆమె లోపలికి వెళ్ళిపోయింది. నేను మళ్ళీ ఎప్పుడూ వెళ్ళలేదు.