లూర్దెస్ గారి అట్టపెట్టె

2018 మార్చిలో నన్ను అమెరికాలోని శాంటా క్లారా ప్రాంతానికి హాస్పిస్ కేస్ మేనేజర్‌గా వేశారు. జబ్బు ఇక నయం కాదని డాక్టర్లు తేల్చాక, మిగిలిన రోజులు నొప్పి లేకుండా ఇంట్లోనే గడిచేలా చూసేది హాస్పిస్. కేస్ మేనేజర్ అంటే ఆ ఇంటికి వెళ్లే నర్సు. మందు మోతాదు పెంచమని డాక్టరును అడిగేదీ, ఇంటివాళ్లతో మాట్లాడేదీ ఆవిడే. ఇక్కడ పేర్లు మార్చి రాస్తున్నాను.

నా చదువు కోస్తాలో ఒక మిషన్ ఆసుపత్రి నర్సింగ్ కోర్సుతో ఆగింది. మిగతాదంతా ఇక్కడి లైబ్రరీ పెట్టిన భిక్ష. అమెరికాలో నేను పనిచేసిన ప్రతి వార్డులోనూ సగం మంది ఫిలిప్పీన్స్ నర్సులే. వాళ్లలో పరాయిదాన్ని నేనే. పెద్దవాళ్లను ‘ఆతె’, అంటే అక్కా అని పిలవాలని, పెట్టింది తినకపోతే నొచ్చుకుంటారని వాళ్ల దగ్గరే నేర్చుకున్నాను. ఎందుకన్నది మాత్రం లైబ్రరీలో వెతుక్కున్నాను. వాళ్ల ఆచారాల మీద దొరికిన పుస్తకమల్లా చదివాను. ఒక సంగతి పదేపదే కనబడేది: కష్టమైన మాట ఎదుటపడి చెప్పరు. ఇద్దరికీ కావలసిన మూడో మనిషి చేత, ఏకాంతంలో చెప్పిస్తారు. నలుగురిలో చిన్నబోవడం వాళ్లకు చాలా పెద్ద దెబ్బ.

లూర్దెస్ గారు మనీలా నుంచి వచ్చిన రిటైర్డ్ టీచరు. పాంక్రియాస్ క్యాన్సరు. కూతురు గ్రేస్, అల్లుడు కిరణ్ దగ్గర ఉండేవారు. కిరణ్ వరంగల్ అబ్బాయి, సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. మొదటి రోజు గుమ్మంలోనే గ్రేస్ నా మెడలోని బ్యాడ్జీ తీసేయమంది. దాని మీద హాస్పిస్ అని ఉంది, అమ్మకు తెలియకూడదట. మా నియమం స్పష్టం. పేషెంట్ అడిగితే అబద్ధం చెప్పం, అడగకపోతే మా అంతట మేం చెప్పం. ఎంతవరకు తెలుసుకోవాలని ఉందని లూర్దెస్ గారిని అడిగాను. “అవన్నీ మా అమ్మాయితో మాట్లాడండి. నన్ను మాత్రం ఈ ఇంట్లోనే ఉండనివ్వండి” అన్నారు. అదొక్కటే ఆవిడ కోరిక.

ఆవిడ మంచం పక్కన నడుమెత్తు అట్టపెట్టె ఉండేది. సబ్బులు, మాంసం డబ్బాలు, చాక్లెట్లు నింపి ఓడ మీద చుట్టాలకు పంపడం వాళ్ల అలవాటు. క్రిస్మస్‌కు తానూ వెళ్తానని, పెట్టె తన ముందే విప్పాలని అందరితో అనేవారు. ఒకరోజు బీపీ చూస్తుంటే పెట్టెలో ఆవిడ చర్చికి వేసుకునే చెప్పులు కనిపించాయి. వాడినవి, మడమ దగ్గర అరిగినవి. ఇవి మీవి కదా అన్నాను. నా కళ్లలోకి చూసి, “మా చెల్లికి సరిపోతాయి. నువ్వు తిన్నావా?” అన్నారు.

ఇక చర్చికి నడవనని ఆవిడకు తెలుసు. తెలిసీ మాట రానివ్వడం లేదు. మా వారపు మీటింగులో చెప్పాను. డాక్టరు, సోషల్ వర్కరు, ప్రార్థనలు చేయించే చాప్లిన్ అందరూ అలాగే ఉండనిద్దామన్నారు.

కిరణ్ ఊరుకోలేదు. కారు దాకా నా వెంట వచ్చాడు.

“మా నాయనకు మేం చెప్పలే ఆంటీ. అల్సర్ అని నడిపించినం. లాస్ట్ డే నా చెయ్యి పట్టుకొని, ‘అరేయ్, నాకేమైందిరా’ అని అడిగిండు. చెప్పలేక బయటికొచ్చిన. మళ్లా అట్ల చెయ్య.”

“ఆవిడకి తెలుసు బాబూ.”

“తెలిస్తే ఇంకేంది? ఓపెన్‌గ మాట్లాడుకోవచ్చు గద!”

“చెప్పి తీరాలంటే ఆతె బేబీ చేత చెప్పించు. వాళ్లిద్దరే ఉన్నప్పుడు.” బేబీ గారు లూర్దెస్ గారికి పెద్దమ్మ కూతురు. డెబ్బై దాటినా అందరికీ బేబీయే.

“చాటుకు చెప్పించుడు దొంగపని లెక్క ఉంటది ఆంటీ. మా దిక్కు ఇట్లాంటి మాట పెద్దోళ్లందర్ని కూసోబెట్టి చెప్తరు. అది మర్యాద.”

“మా వైపూ అంతే. కానీ వాళ్ల పద్ధతి వేరు.”

నవ్వాడు. “మీరు బుక్స్ చదివిన్రు ఆంటీ. నేను కాపురం చేస్తున్న.”

ఆ ఆదివారం జరిగింది గ్రేస్ మర్నాడు ఫోన్‌లో చెప్పింది. చర్చి నుంచి చుట్టాలు భోజనానికి వచ్చారు. కిరణ్ పెద్దవాళ్లందరినీ కూర్చోబెట్టి, తాను చేతులు కట్టుకుని నిలబడి, జబ్బు పేరుతో సహా అంతా చెప్పాడు. ఎవరూ తల ఎత్తలేదు. లూర్దెస్ గారు నవ్వి, “థాంక్యూ కిరణ్. అన్నం చల్లారిపోతోంది, తినండి” అన్నారట.

సోమవారం బేబీ గారి చేత కబురు పెట్టారు, ఇల్లు మారతానని. బేబీ గారికి తెలిసినావిడ పక్క ఊళ్లో, మంచాన పడ్డవాళ్లను చూసుకునే ఆరు మంచాల కేర్ హోమ్ నడుపుతోంది. సోషల్ వర్కరును వెంటబెట్టుకుని వెళ్లాను. ఇక్కడే ఉండాలన్నారు కదా అని అడిగితే, “నిన్నటిదాకా కూరలో ఉప్పు నన్ను చూడమనేవాళ్లు. ఇక అడగరు” అన్నారు. పేషెంట్ నిర్ణయం పేషెంట్‌దే. మంచం, ఆక్సిజన్ అక్కడికి మార్పించాను.

కిరణ్ రోజూ ఆఫీస్ నుంచి నేరుగా అక్కడికి వచ్చి ముందు గదిలో కూర్చునేవాడు. ఆవిడ లోపలికి పిలవలేదు. కానీ ఆయా చేతికి పళ్లెం ఇచ్చి, తినమని పంపేవారు. పంపిన ప్రతిసారీ తినేవాడు.

“ఒక్కసారి సారీ చెప్పనియ్యమని అడుగుండ్రి ఆంటీ” అన్నాడు నాతో. నేను ఆవిడను అడగలేదు, బేబీ గారికి చెప్పాను. జవాబు బేబీ గారే తెచ్చారు: పెట్టెకు కిరణ్‌నే టేపు వేసి ఓడకు పంపమన్నారు.

టేపు వేయడానికి మూతలు సర్దినప్పుడు చూసినట్టున్నాడు. మర్నాడు నన్ను చూడగానే, “చర్చి చెప్పులు పెట్టింది ఆంటీ” అన్నాడు.

లూర్దెస్ గారు ఆ కేర్ హోమ్‌లోనే పోయారు. గ్రేస్ మంచం పక్కన ఉంది. కిరణ్ ముందు గదిలో, ఒళ్లో పళ్లెంతో ఉన్నాడు. మరణాన్ని నిర్ధారించడం నర్సు పని కాబట్టి వెళ్లాను, బయటికి వచ్చి అతనికి చెప్పింది నేనే. పెట్టె అప్పటికి ఇంకా సముద్రం మీదే ఉంది.

నిజం చెప్పాలా వద్దా అన్నదాని మీద మా శిక్షణలో చాలా ఉంది. ఎవరి ముందు చెప్పకూడదన్నది లేదు. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ కొత్త ఇంటికి వెళ్లిన మొదటి రోజు ఒక ప్రశ్న చేర్చుకున్నాను: చెడ్డ మాట చెప్పవలసి వస్తే, ఆ గదిలో ఎవరు ఉండకూడదు? పేషెంట్లు ఆ ఒక్కదానికి మాత్రం ఆలోచించకుండా జవాబు చెప్పేవారు.