పాతర మీద ముగ్గు

రజాకార్ల పీడ విరగడైందని ఊపిరి పీల్చుకునే లోపే మిలిటరీ వచ్చింది. మాది అమ్రాబాద్ అడవి అంచు ఊరు. అడవిలోని కమ్యూనిస్టు దళాలకు మేమే అన్నం పెడుతున్నామని వాళ్ల అనుమానం. ఊరంతా ఖాళీ చేసి సడక్ పక్క క్యాంపుకు పోవాలి, నెత్తిన మోసినంత తీసుకుపోవచ్చు, మిగిలిన గింజలు కాలుస్తాం అని చాటింపు వేయించారు.

మా జొన్నలు వాకిట్లో పాతరలో ఉన్నాయి. లోతుగా గుంత తవ్వి, గడ్డి పరిచి, గింజలు పోసి, పైన మట్టి కప్పుతాం. కొత్త పంట దాకా మా తిండి అదే. మా ఆయనను అంతకుముందే పట్టుకుపోయారు. ఇంట్లో మిగిలింది నేను, మా అత్త, అప్పుడే మాటలు వస్తున్న నా బిడ్డ.

"మూత కానరాకుండ చేస్త, నువ్వు ఫికర్ చేయకు" అంది అత్త. మట్టి తొక్కింది. పచ్చి మన్ను కనబడుతుందని పేడతో అలికింది. అలికి ఒట్టిగా వదలడం ఇంటికి మంచిది కాదని, చేతి అలవాటున రెండు గీతల ముగ్గు కూడా వేసింది. పక్కనే మూట కడుతున్న నాకూ అది వింతగా తోచలేదు.

తెల్లారి సిపాయిలు వచ్చారు. ఊళ్లో ఏ వాకిట్లోనూ చీపురు పడలేదు. మా వాకిట్లోనే ముగ్గు. వెంట వచ్చిన పటేలు మనిషి నవ్వాడు.

"ఏందే ముసల్దానా, ఇల్లు ఇడిచిపోతూ ముగ్గేసినవ్? లచ్చిమి వస్తదనా?"

"మీరొచ్చినంక లచ్చిమి యాడికెల్లి వస్తదిరా!"

సిపాయి ముగ్గు నడుమ ఇనుప చువ్వ గుచ్చాడు. మెత్తగా దిగింది. అత్త అతని కాళ్ల మీద పడింది. "పసిపిల్ల ఉన్నది అయ్యా, జరన్ని ఇడువుండ్రి."

సిపాయి ఏదో అన్నాడు. "దాచినోళ్లకు మూట కూడ లేదంటున్నడు" అన్నాడు పటేలు మనిషి, మా మొహం చూడకుండా.

నా మూటలోని జొన్నలు కూడా పాతరలోనే గుమ్మరించారు. ఒక్క గింజ రాలినా ఏరుకునే ఇల్లు మాది. అంచున పడ్డవి ఏరబోతే తుపాకీ మడమతో తోశారు. మా కప్పు గడ్డే పీకి లోపల వేసి నిప్పు పెట్టారు.

పొలిమేర దాటుతుంటే గాలి మా వైపే వీచింది. వేగుతున్న జొన్నల కమ్మని వాసన. నా చంకలోని బిడ్డ వెనక్కి తిరిగింది.

"అవ్వా, పేలాలు! నాకు?"

అత్త చెంగుతో దాని ముక్కు మూసింది. అది చెంగు తోసేసి మళ్లీ చెయ్యి చాపింది.