గవర్నరు రాని పెళ్ళి

రాజకీయాలంటే నేను చెవి కోసుకుంటాను. మన ఎన్నికల ఫలితాలు వచ్చే రోజు ఆఫీసుకి సెలవు పెట్టి టీవీ ముందు కూర్చునే రకం. కాలిఫోర్నియాలో మేముండే శాన్ రామన్‌లో నా ఈ పిచ్చికి తోడు దొరకదనే అనుకున్నాను. అలాంటిది, పక్కింట్లోకి ఫిలిప్పీన్స్ ఆవిడ వచ్చింది. నర్సుగా రిటైరై, భర్త పోయాక కొడుకు కుటుంబంతో ఉంటోంది. నేను ఆంటీ అంటాను. శనివారం పొద్దున్న కంచెకి అటూ ఇటూ నిలబడి ఇంగ్లీషులో మొదలుపెడితే కాఫీలు చల్లారిపోయేవి.

ఆవిడ పుట్టిన ప్రావిన్సు మన జిల్లా అంత ఉంటుందట. దాన్ని ఏలే గవర్నరుని జనమే ఓట్లేసి ఎన్నుకుంటారు. నదికి ఇవతల ఒక రాజకీయ కుటుంబం, అవతల ఒక కుటుంబం. వరసగా మూడుసార్లకు మించి ఒకరే గవర్నరుగా ఉండకూడదని చట్టం కాబట్టి, ఆయన దిగగానే భార్య నిలబడుతుంది, తరవాత కొడుకు. ఎప్పుడైనా ఓడితే అవతలి కుటుంబం అదే వరస మొదలుపెడుతుంది.

"ఇందులో మాకు కొత్తేముంది ఆంటీ?" అని నవ్వాను.

కొత్తది ఒకటుంది. అక్కడ పెళ్ళిలో తల్లిదండ్రులు కాక మరికొందరు పెద్దలు జంటకి జ్ఞానతల్లులుగా, జ్ఞానతండ్రులుగా నిలబడతారు. ఆ బంధం జీవితాంతం ఉంటుంది. అందుకని అందరూ గవర్నరునే పిలుస్తారు, ఆయనా కాదనడు. ఇక ఆ ఇంటి ఓట్లు ఎటూ పోవు. ఆంటీ పెళ్ళికీ అప్పటి గవర్నరే జ్ఞానతండ్రి. కొన్నేళ్ళకి ఆవిడ భర్త ఆ గవర్నరు మేనల్లుడి మీద మేయరుగా పోటీ చేస్తే, ఊరంతా ఆయన్ని తండ్రికి ద్రోహం చేసినవాడిలా చూసింది. చిత్తుగా ఓడిపోయాడు. ఆ తరవాతే అమెరికా వచ్చేశారు.

నిరుడు ఆంటీ మనవరాలికి పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు తల్లిదండ్రులదీ అదే ప్రావిన్సు. ఇప్పటి గవర్నరు, అంటే ఆ పాతాయన కొడుకు, ఆ నెలలో కాలిఫోర్నియా వస్తున్నాడని తెలిసి, జ్ఞానతండ్రిగా ఉండమని వాళ్ళు సంబరంగా పిలిచేశారు. కంచె దగ్గర ఈ సంగతి చెబుతూ ఆంటీ కాఫీ ముట్టుకోలేదు. మొగుణ్ణి ఊరు వదిలేలా చేసిన బంధం మళ్ళీ మనవరాలి మెడకు చుట్టుకుంటోంది.

నాకు ఒళ్ళు మండింది. "వద్దని చెప్పేయండి!" అన్నాను.

"చెబితే పిల్లకి అత్తింట్లో మొదటిరోజే తగువు," అంది ఆంటీ.

వారం తిరిగేసరికి ఆవిడ ఇంకో పెద్దమనిషిని కూడా పిలిచింది. అవతలి కుటుంబం పెద్దాయన, ఒకప్పటి గవర్నరు, లాస్ ఏంజిలెస్‌లో కూతురి దగ్గరున్నాడు. జ్ఞానతండ్రులు ఎంతమందైనా ఉండచ్చు కాబట్టి వియ్యాలవారు కాదనలేకపోయారు. ఆయనా వస్తాడని గవర్నరుకు, గవర్నరూ వస్తాడని ఆయనకు ఆంటీ స్వయంగా ఫోన్ చేసి మర్యాదగా చెప్పింది.

మా ఆయనకి చెబితే పడీ పడీ నవ్వాడు. "మనవాళ్ళేమో ఎమ్మెల్యే అటెండ్ అవ్వాలని వెయిట్ చేస్తారు. ఈవిడ అటెండ్ అవ్వకుండా ప్లాన్ చేసిందే!"

ఆ కుటుంబాలు రెండూ ఏనాడూ ఒక వేదిక ఎక్కలేదు. ఇద్దరూ పనులున్నాయని చెప్పి, కానుకలు పంపి ఊరుకున్నారు.

పెళ్ళి ఒక తోటలో జరిగింది. ఖాళీ అయిన చోట జ్ఞానతల్లీ జ్ఞానతండ్రీగా మా ఇద్దరినీ నిలబడమంది పెళ్ళికూతురు. నేను పట్టుచీరలో, మా ఆయన బిగుతైపోయిన సూటులో నిలబడ్డాం. ఆ రోజు నాకు కలిగిన సంతోషం మా ఇంటి పెళ్ళిలోనూ కలగలేదు.

భోజనాల దగ్గర ఆంటీ పక్కన చేరి, "ఇద్దరూ వచ్చేసుంటే?" అని గుచ్చాను.

"రారు. మా ప్రావిన్సు సంగతి నాకు తెలీదా?" అంది.

ఫోటోలవాడు అందరినీ పిలిచాడు. ఆంటీ మనవరాలి పక్కన నిలబడి, ఎడమవైపు నన్ను దగ్గరికి లాక్కుంది.

"నా పెళ్ళి ఫోటోలో మధ్యన గవర్నరే ఉన్నాడు," అంది మెల్లిగా. "మా ఆయన బతికినన్నాళ్ళూ దాన్ని గోడకి పెట్టనివ్వలేదు. దీన్ని హాల్లోనే పెడతాను."