గోడలో చెమర్చే మనిషి

ఉప్పలగుప్తం దాటి సముద్రం వైపు నడిచేవాళ్ళకు మంచినీళ్ళు దొరికే ఆఖరి ఇల్లు చిట్టెమ్మది. తొంభై ఎనిమిది వేసవిలో దాహానికి అక్కడ ఆగాను. గ్లాసు అందిస్తూ ఆవిడ, "గోడకేసి చూడకండి," అంది. అలా అంటే చూడనివాడెవడు?

నడవ గోడ మీద ఓ మగమనిషి వీపు. సున్నం మీద తడిగా, నల్లగా భుజాలు, మెడ, ఓ పక్కకు వాలిన తల. సాయంత్రపు సముద్రం గాలి వీచేకొద్దీ ఆ అంచులు తేటపడుతున్నాయి. చూస్తుండగానే మెడ దగ్గర ఓ బొట్టు పుట్టి వీపు మీదుగా జారింది. కోరుకొండ మెట్ల మీద రాయి చెమర్చడం చూశాను, తణుకు దగ్గర వానాకాలం బెల్లం దిమ్మలు కారడం చూశాను. మనిషి ఆకారంలో చెమర్చిన గోడను చూడటం అదే మొదలు.

"మా ఆయనండి, బుల్లియ్య," అంది చిట్టెమ్మ, పక్కింటాయన్ని పరిచయం చేసినట్టు.

బుల్లియ్య ఉప్పుమడుల్లో కూలీ. పాతికేళ్ళు కావడితో ఉప్పు మోసి, రోజూ సాయంత్రం చొక్కా లేకుండా వచ్చి ఆ గోడకే చేరగిలబడేవాడు. తొంభై ఆరు తుఫానులో మడుల దగ్గరికి వెళ్ళి తిరిగి రాలేదు. శవమూ దొరకలేదు. ఇల్లు మెరక మీద ఉండబట్టి నిలిచింది. మనిషి కూర్చుని ఉన్నంతకాలం వెనక మరక ఎవరికీ కనపడలేదు. మనిషి పోయాక మరకే మిగిలింది.

ఆవిడకు భయం లేదు. "నన్నేం చేత్తాడండి? మాటా లేదు, పలుకూ లేదు. బతికున్నప్పుడూ అంతే లెండి."

భయం యానాంలో ఉన్న వియ్యపురాలికి. చిట్టెమ్మ కూతురు సూర్యకళకు తొలి కాన్పు, పుట్టింట్లో జరగాలి. రోజులు దగ్గర పడ్డాయి. "ముందు మీ ఆయన్ని పంపించు, తర్వాత మా కోడల్ని పంపుతాను," అని వియ్యపురాలి కబురు.

"ఏం చేశావమ్మా ఇప్పటిదాకా?"

"సున్నం కొట్టానండి. సున్నంలోంచి వచ్చాడు. ఆనక రోజూ గుప్పెడు కల్లుప్పు దిష్టి తీసి గోడకేసి రుద్దుతున్నాను. ఉప్పుకి ఎలాంటిదైనా పోవాలి కదండీ. ఈయన బలిశాడు."

చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది. వేలు నాలుకకు తగిలిస్తే ఉప్పు.

"ఆయన్ని నువ్వే మేపుతున్నావమ్మా," అన్నాను.

పుస్తకంలో చదివింది చదివినట్టు చెబితే ఎవరికి కావాలి? ఆవిడకు తెలిసింది కావడి, దాంతోనే చెప్పాను. నీటి అణువూ కావడే. నడుమ మోసేవాడు ఆక్సిజన్, చెరో కొసన హైడ్రోజన్ బిందె. ఈ కావడి బద్ద తిన్నగా ఉండదు, వంగి ఉంటుంది. మహిమంతా ఆ వంపుదే. దానివల్ల ఒకవైపు రుణ విద్యుత్తు, మరోవైపు ధన విద్యుత్తు చేరి, ప్రతి అణువూ పక్కదాన్ని పట్టుకు లాగుతుంది. కొబ్బరి మొవ్వు దాకా నీరెక్కేది ఆ పట్టుతోనే, ఉప్పును విడదీసి నెత్తుట్లో మోసేదీ ఆ పట్టుతోనే. సూర్యకళ కడుపులో బిడ్డ తేలుతున్నదీ ఉప్పునీటిలోనే. బద్ద తిన్నగా ఉండుంటే నీరంతా ఎప్పుడో ఆవిరైపోయేది, మనమూ ఉండేవాళ్ళం కాదు. బుల్లియ్య వీపు నుంచి ఇంకిన ఉప్పు గోడలో ఉంది. గాలిలో తడిని అది పిలుస్తుంది, తడి వచ్చి కూర్చుంటుంది.

"అంటే ఆయన కాదంటారా?"

"ఆయన చెమటమ్మా."

"చెమట ఆయనదైతే ఆయన కాకపోవడమేంటండి," అంది చిట్టెమ్మ.

ఆయన్ని పంపే ఉపాయం చెప్పాను. చౌడు లేని కాలువ మట్టిని మంచినీళ్ళతో మెత్తగా కలిపి గోడకు మందంగా పట్టించాలి. నీరు లోపలికెళ్ళి ఉప్పును కరిగిస్తుంది, ఆరేటప్పుడు దాన్ని మట్టిలోకి తెచ్చి వదిలేస్తుంది.

తాగడానికి దాచుకున్న బిందెల నీళ్ళన్నీ ఆవిడ మట్టిలో పోసింది. ఆరేకొద్దీ మట్టి మీద బుల్లియ్య తేలాడు, ఈసారి తెల్లగా, ఎముకల రంగులో. పెచ్చులు చిట్టెమ్మే ఊడదీసింది. తట్టకెత్తి ఉప్పుటేట్లో కలిపి, తలమీద నీళ్ళు పోసుకుని వచ్చింది. కొన్నాళ్ళకు నేను అటు వెళ్ళినప్పుడు ఇంకో పూత పట్టించాం. మళ్ళీ తేలాడు, పలచగా. ఆ తర్వాత మట్టి మట్టిలాగే ఊడింది.

సూర్యకళ వచ్చింది. వానలు మొదలయ్యాక అటు వెళితే ఇంట్లో ఉయ్యాల, అందులో ఆడపిల్ల. గోడ పొడిగా ఉంది. చిట్టెమ్మ మాత్రం జల్లు కొడుతున్నా వీధరుగు మీదే కూర్చుని ఉంది.

"ఏంటమ్మా, లోపల చోటు లేదా?"

"ఆయ్, ఉందండి." లోపలికి చూడకుండా అంది. "ఇన్నాళ్ళూ ఆయన ఎక్కడున్నాడో తెలిసేది. ఇప్పుడు సముద్రం గాలి కొట్టినా తెలవట్లేదండి. ఆ గోడకి వీపు ఆనించాలంటే భయమేత్తంది."